తిరుపతిలో తీరిగ్గా

తిరుపతికి వచ్చేవాళ్లలో చాలామందికి ఊరు చూసే తీరిక దొరకదు. తెల్లారి రైలు దిగడం, కొండకు బస్సెక్కడం, దర్శనం, లడ్డూ కౌంటరు, మళ్లీ రాత్రి రైలు. కాస్త టైముంటే తిరుచానూరు, ఇంకాస్త ఉంటే కాళహస్తి. వాళ్లను నేను తప్పు పట్టను. సెలవులు దొరకవు, పిల్లలకు స్కూళ్లుంటాయి, వెంట పెద్దవాళ్లుంటారు, క్యూలో ఎంతసేపు పడుతుందో తెలియని టెన్షన్ ఒకటి. అయినా పాత చిత్తూరు జిల్లాలోనే పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఒక మాట చెప్పాలనిపిస్తుంది. కొండ చుట్టూ గంట, గంటన్నర ప్రయాణంలో ఏమేం ఉన్నాయో తెలిస్తే, ఒక్క పూటలో వచ్చి వెళ్లిపోవడానికి మనసొప్పదు. ఈసారి మేమిద్దరం ఆ తొందర లేకుండా తిరిగాం. ఎలా తిరిగామో, ఏం చూశామో చెబుతాను.

మాది చిత్తూరు. నా స్నేహితురాలిది బందరు. ఇద్దరం తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో చదివాం, హాస్టల్లో ఒకే రూము. ఆ రోజుల్లో మాకు తెలిసిన తిరుపతి అంటే క్యాంపస్, బస్టాండు, పరీక్షల ముందు కొండ. అంతే. తను ఇప్పుడు బందరులో హైస్కూల్లో సోషల్ చెబుతోంది. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఇంటి బాధ్యతలు కాస్త తగ్గాయి. "ఈసారి పెళ్లికో పేరంటానికో కాదు, ఊరికే తిరగడానికి కలుద్దాం" అని తనే ఫోన్ చేసింది. మార్గశిరంలో అని ఖాయం చేసుకున్నాం. కావాలనే ఆ నెల పెట్టుకున్నాం. అక్టోబరు, నవంబరు వానలు పడి వెలిసి ఉంటాయి, కోనల్లో నీళ్లుంటాయి, ఎండ చురుక్కుమనదు. తిరుచానూరు అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాల రద్దీ కూడా అప్పటికి తగ్గుతుంది.

పెట్టుకున్న నియమం ఒక్కటే: రోజుకు ఒక్క చోటు. పొద్దున్నే బయల్దేరాలి, చూడాల్సింది కడుపునిండా చూడాలి, మధ్యాహ్నానికి రూముకు వచ్చి పడుకోవాలి, సాయంత్రం ఊళ్లో నడవాలి. మొదట్లో తను ఒప్పుకోలేదు. "అంత దూరం నుంచి వచ్చి రోజుకు ఒకటేనా? కారు మాట్లాడుకుంటే ఒక్క రోజులో అయిదు గుళ్లు చూపిస్తారంట కదే" అంది. అలా ఒక్క రోజులో అయిదు గుళ్లు చూసినవాళ్లు మా చుట్టాల్లో చాలామంది ఉన్నారు. ఏ గుళ్లో ఏం చూశారో అడిగితే చెప్పలేరు, పార్కింగ్ ఎక్కడ దొరికిందో మాత్రం చెబుతారు. ఆ మాటే అన్నాను. సరే చూద్దాం అంది.

మకాం రైల్వే స్టేషన్ దగ్గర పెట్టుకున్నాం. గోవిందరాజస్వామి గుడికి, బస్టాండుకు అక్కడి నుంచి నడిచిపోవచ్చు. ముందే డబ్బు కట్టిన లాడ్జిలో మేం వెళ్లేసరికి రూము ఖాళీ కాలేదన్నారు. బ్యాగులు వాళ్ల దగ్గరే పెట్టేసి గోవిందరాజస్వామి గుడికి నడిచాం. ఆ గాలిగోపురం మట్లి అనంతరాజు కట్టించింది. ఊళ్లో ఏ సందులోంచి చూసినా అది కనబడుతుంది. లోపల శయనించి ఉన్న స్వామిని రామానుజాచార్యులు ప్రతిష్ఠించారని చెబుతారు. దర్శనం తొందరగానే అయింది. ఆ తరువాత కోనేటి దగ్గర కూర్చుని పాత సంగతులు మాట్లాడుకుంటుంటే పొద్దెక్కింది. తీరిగ్గా తిరగడమంటే ఇదీ ఒక భాగమే. చూసింది మాట్లాడుకోవడానికి కూడా టైముండాలి.

కొండకు నడిచే వెళ్లాం. శ్రీనివాసమంగాపురం దగ్గరున్న శ్రీవారి మెట్టు దారి చిన్నది, 2,388 మెట్లు, తొందరగా ఎక్కేయొచ్చు. మేం అలిపిరి దారి ఎంచుకున్నాం. 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దాకా నడక. పాదాల మండపం దగ్గర జనం స్వామివారి పాదుకలను నెత్తిన పెట్టుకుని గుడి చుట్టూ తిరుగుతున్నారు. మేమూ తిరిగాం. ఆ పాదుకల బరువు నెత్తి మీద పడగానే మాటలు ఆగిపోతాయి, నడక దానంతటదే నెమ్మదిస్తుంది.

మెట్ల దారిలో మమ్మల్ని ఎక్కువగా ఆపింది మనుషులే. ఒక కుటుంబం ప్రతి మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, వంగి దండం పెట్టి పై మెట్టెక్కుతోంది. మొత్తం మెట్లకూ అంతే. ముందు ఒకావిడ పసుపు, వెనక కూతురు కుంకుమ, ఆ వెనక ఒక పెద్దావిడ కర్పూరం. ఎక్కడి నుంచి వచ్చారమ్మా అని నా స్నేహితురాలు అడిగితే, "పలమనేరు దగ్గర పల్లెమ్మా. పాపకు ఒళ్లు బాగైతే మెట్ల పూజ చేస్తామని మొక్కుకున్నాం" అంది ఆ పెద్దావిడ. "అవ్వా, నడుం నొప్పెట్టదా?" అన్నాను. "పెడుతుంది. అది ఆయన చూసుకుంటాడు" అంది. మేం ఇద్దరం కొంత దూరం వాళ్ల వెనకే నడిచాం, దాటిపోవాలనిపించలేదు.

మెట్ల దారిలోని గాలిగోపురం దాకా ఎక్కుడు గట్టిగానే ఉంటుంది, సగానికి పైగా మెట్లు అక్కడికే అయిపోతాయి. ఆ తరువాత దారి చాలావరకు చదునుగా సాగుతుంది. జింకల పార్కు, ఏడో మైలు ఆంజనేయస్వామి విగ్రహం దాటాక చివర్లో మోకాళ్ల పర్వతం. పేరుకు తగ్గట్టే మెట్లు నిటారుగా ఉంటాయి, కొందరు మోకాళ్ల మీదే ఎక్కుతారు. అన్నమయ్య చిన్నతనంలో కొండెక్కుతూ ఇక్కడే అలసి సొమ్మసిల్లితే అమ్మవారు కలలో కనబడి ప్రసాదం పెట్టిందని చెబుతారు. 2023లో చిరుతల దాడులు జరిగాక ఈ దారిలో జాగ్రత్తలు పెంచారు. పిల్లలతో వచ్చేవాళ్లు పొద్దున్నే బయల్దేరడం మంచిది. ప్లాస్టిక్ సీసాలు కొండ మీదికి రానివ్వరు, స్టీలు బాటిల్ తెచ్చుకోండి.

దర్శనం గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. 300 రూపాయల టికెట్లు ఆన్‌లైన్‌లో నెలల ముందే అయిపోతాయి, కాబట్టి తేదీ ముందే చూసుకోవాలి. అయితే ఒకటి చెప్పాలి. మహాద్వారం దాటగానే కుడివైపు మండపంలో చేతులు జోడించి నిలబడిన మూడు విగ్రహాలుంటాయి. శ్రీకృష్ణదేవరాయలు, ఆయనకు ఇరువైపులా తిరుమలదేవి, చిన్నాదేవి. ఏడుసార్లు కొండకు వచ్చి, స్వామికి ఎన్నో నగలు ఇచ్చిన రాజు, గుడి వాకిట్లో భక్తుడిగా అలా నిలబడిపోయాడు. క్యూలో తోపులాట మొదలయ్యేది సరిగ్గా అక్కడే కాబట్టి ఎవరూ అటు చూడరు. తను మాత్రం చూసింది. "పుస్తకంలో ఫొటో చూపించి పాఠం చెబుతానే, మనిషిని చూసినట్టుంది" అంది.

ఆ రాత్రి కొండ మీదే ఉండి మర్నాడు అడవి వైపు తిరిగాం. భోజనం తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో. ఆవిడదీ మా పాత చిత్తూరు జిల్లానే. చిన్న వయసులో భర్తను పోగొట్టుకుని, ఊరివాళ్ల మాటలు పడి, కొండకు చేరి కవిత్వం రాసుకున్న మనిషి. ఇప్పటికీ రాత్రి ఏకాంతసేవలో తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి హారతి అంటారు. వేలమంది ఒకేసారి కూర్చుని తినే ఆ చోటికి ఆమె పేరు పెట్టడం నాకు ఎంతో తృప్తిగా ఉంటుంది. జాపాలి తీర్థానికి చెట్ల మధ్యగా నడిచే దారి, ఆకాశగంగ, పాపవినాశనం అన్నీ చూసినా, ఎక్కువసేపు ఉన్నది శిలాతోరణం దగ్గర. మనిషి ఎవరూ చెక్కలేదు. గాలి, నీరు రాతిని తొలిచి తొలిచి మిగిల్చిన వంపు అది. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. ఘాట్ రోడ్డులో కూడా అలాంటి చోటు ఒకటుంది. కింద అతి పురాతనమైన గ్రానైటు, దాని మీద నేరుగా క్వార్ట్‌జైట్ పొరలు. ఆ రెండింటి మధ్య కోట్ల ఏళ్ల కాలం రాతిలో నమోదు కాకుండా పోయింది. బస్సులో వంపు తిరిగేటప్పుడు అందరం కళ్లు మూసుకుని గోవిందా అంటాం కానీ, పగటి పూట కిటికీ పక్కన కూర్చుంటే ఆ పొరలు కళ్లకు కనిపిస్తాయి.

చంద్రగిరికి శుక్రవారం వెళ్లొద్దు. కోటలోని మ్యూజియం కేంద్ర పురావస్తు శాఖది, వాళ్ల మ్యూజియాలకు శుక్రవారం సెలవు. తిరుపతి నుంచి బస్సులు చాలా ఉన్నాయి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ ఇస్తాడు. మేం తిరిగిన వాటిలో సగం చోట్లకు ఆ టికెట్టుతోనే వెళ్లాం.

రాజమహల్ మూడంతస్తులు. ఎక్కడా కలప వాడలేదు. ఇటుక, రాయి, సున్నంతోనే పైకప్పులు నిలబెట్టారు. లోపలికి అడుగు పెట్టగానే చల్లగా ఉంటుంది. వెనక పెద్ద రాతికొండ, దాని మీద పై కోట శిథిలాలు, పక్కన చిన్నదైన రాణీమహల్. 1565లో తళ్లికోట యుద్ధం పోయాక విజయనగర రాజులు హంపి వదిలి పెనుకొండకు, ఆ తరువాత చంద్రగిరికి రాజధాని మార్చుకున్నారు. అంటే ఈ గదులు ఒక పెద్ద రాజ్యం ఆఖరి రోజులు చూసినవి. మ్యూజియంలో విగ్రహాలు, కత్తులు చూస్తూ తిరుగుతున్న నా స్నేహితురాలు ఒక చోట ఆగిపోయి, "ఏమే, ఇక్కడికి మా బందరుకూ లింకుంది తెలుసా?" అంది.

బయట పచ్చిక మీద కూర్చోబెట్టి చెప్పింది. ఈస్టిండియా కంపెనీవాళ్లు తూర్పు తీరంలో ముందుగా 1611లో బందరులో వ్యాపారం పెట్టారు. వాళ్లకు కావల్సింది మన నూలు బట్టలు, అద్దకం బట్టలు. బందరులో ధరలు, పోటీ, అధికారుల ఒత్తిడి ఎక్కువై, దక్షిణంగా చవగ్గా బట్టలు దొరికే చోటు వెతుక్కుంటూ కిందికి దిగారు. దుగరాజపట్నం దగ్గర ఆర్మగాం అన్న చోట కొన్నాళ్లున్నారు. అది ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది. అక్కడి నుంచి కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే ఇంకా కిందికి వెళ్లి 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి నుంచి స్థలం సంపాదించాడు. ఆ నాయకుడు చంద్రగిరి రాజుకు సామంతుడు. ఆ స్థలంలో లేచిందే మద్రాసు కోట. "ఒక గుడ్డముక్క కోసం మొదలైంది, ఎక్కడికి పోయిందో చూడు" అని రాజమహల్ వైపు చూసింది. తను క్లాసులో పిల్లలకు ఎలా చెబుతుందో నాకు ఆ రోజు తెలిసింది. ఎండ ఎక్కేదాకా అక్కడే ఉన్నాం. కారులో అయిదు చోట్లు తిరిగే రోజైతే, ఈ మాటలకు టైమెక్కడిది?

గుడిమల్లానికి మాత్రం బస్సు నమ్ముకోలేం. రేణిగుంట దాకా బస్సులో వెళ్లి, అక్కడ ఆటో మాట్లాడుకున్నాం. పోనూ రానూ, అక్కడ ఆగడం కూడా కలిపి ముందే బేరం చేసుకోవాలి. పాపానాయుడుపేట మీదుగా దారి. ఆ ఊరు గాజుపూసల తయారీకి పేరు. అటూ ఇటూ వరి మడులు, మధ్యలో చిన్న పల్లె, పల్లెలో పరశురామేశ్వరుడి గుడి. మేం వెళ్లేసరికి అర్చకుడు, పురావస్తు శాఖ ఉద్యోగి తప్ప ఎవరూ లేరు.

గర్భగుడి నేల మట్టం కంటే కిందికుంటుంది, వెనకభాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది. గజపృష్ఠం అంటారు. లింగం అయిదడుగుల ఎత్తు. దాని ముందువైపు శివుడు నిలబడి ఉన్నాడు. రెండే చేతులు. కుడి చేత్తో పొట్టేలును కాళ్లు పట్టి వేలాడదీశాడు, ఎడమ చేతిలో చిన్న కుండ, భుజం మీద గొడ్డలి. కాళ్ల కింద ఒక యక్షుడు ఆయన్ను మోస్తున్నాడు. ఒంటి మీద జంధ్యం లేదు, నడుముకు పలచని బట్ట. మనం కేలండర్లలో చూసే శివుడు కాదు. అడవిలోంచి వేట ముగించుకుని వచ్చిన మనిషిలా, బలంగా, సూటిగా మన వైపు చూస్తుంటాడు. గోపీనాథరావు అనే పండితుడు 1911లో దీన్ని పరిశీలించి లోకానికి చెప్పాడు. క్రీస్తుపూర్వం 2 లేదా 1వ శతాబ్దం నాటిదని చాలామంది చరిత్రకారులు అంటారు, ఆ తరువాతిదనే వాళ్లూ ఉన్నారు. ఏ లెక్కన చూసినా దేశంలో ఇప్పటికీ నిలిచి ఉన్న శివలింగాల్లో అతి పాతవాటిలో ఇది ఒకటి.

అర్చకుడు హారతి ఎత్తి పట్టుకుని పై నుంచి కింది దాకా నెమ్మదిగా చూపించారు. రాతి మీద నున్నటి మెరుపు, పొట్టేలు తల, యక్షుడి మొహం, ఒక్కొక్కటే వెలుగులోకి వచ్చాయి. "తొందరేం లేదమ్మా, చూడండి" అన్నారు. కొండ మీద స్వామి ముందు రెండు క్షణాలు నిలబడడానికి గంటలు గంటలు ఎదురుచూసే మనకు, ఇక్కడ శివుడి ముందు ఎంతసేపైనా నిలబడొచ్చు. రెండువేల ఏళ్ల నాటి రాతి ముందు ఎవరూ జరగండి జరగండి అనకపోవడం ఎంత భాగ్యమో అక్కడికి వెళ్తేనే తెలుస్తుంది. తిరుపతికి వచ్చేవాళ్లలో నూటికి ఒక్కరైనా ఇక్కడికి రావాలని నాకు గట్టిగా ఉంది. అర్చకుడి పళ్లెంలో కాస్త దక్షిణ పడుతుంది, ఆ ఊరికి నాలుగు ఆటోలు తిరుగుతాయి.

కాళహస్తికి రెండుసార్లుగా వెళ్లాం. ఒకసారి గుడికి, ఇంకోసారి కలంకారీకి. రెండూ ఒకే రోజు పెట్టుకోవచ్చు గానీ రాహుకేతు పూజల రద్దీలో నలిగాక బొమ్మలు చూసే ఓపిక ఉండదు. గుడిలో వాయులింగం. గాలి చొరబడని గర్భగుడిలో దీపం రెపరెపలాడుతుంది, స్వామి ఊపిరి అంటారు. శ్రీ అంటే సాలీడు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు, మూడూ కొలిచిన శివుడు. కన్నప్ప కళ్లిచ్చిన శివుడు. రాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మేలో కూలిపోయింది. ఆ రోజు టీవీలో చూసి మా అమ్మ ఏడ్చింది. అదే చోట కొత్త గోపురం కట్టి 2017లో కుంభాభిషేకం చేశారు. కొత్తది చక్కగా ఉంది. పాతదాన్ని చూసినవాళ్లకు మాత్రం ఆ చోట ఇంకా పాతదే కనిపిస్తుంది.

ఇక కలంకారీ. నా స్నేహితురాలికి అద్దకం కొత్త కాదు. బందరు పక్కన పెడనలో చెక్క అచ్చులతో బట్టల మీద అద్దడం చిన్నప్పటి నుంచి చూసింది. "కాళహస్తిలో అచ్చుండదంట, అంతా చేత్తోనేనంట, చూడకుండా పోయేది లేదు" అని ముందే చెప్పింది. ఒక ఇంట్లో నలుగురు ఆడవాళ్లు కింద కూర్చుని పని చేస్తుంటే, అక్కా చూడొచ్చా అని అడిగాం. "రండమ్మా, కూర్చోండి, తొక్కకుండా చూసుకోండి" అంది అందులో పెద్దామె. గది నిండా ఆరేసిన గుడ్డలు, పుల్లటి వాసన, పాల వాసన కలిసి ఉన్నాయి.

పని మొదలయ్యేది రంగుతో కాదు, గుడ్డను సిద్ధం చేయడంతో. గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి, పిండి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు గీత దాటి పాకదు. కరక్కాయ లేకపోతే నలుపు పట్టదు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి వారాల తరబడి పులియబెడితే వచ్చే నీళ్లే నల్లరంగు. ఆ పుల్లటి వాసన దాందే. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు బొమ్మ ఆనవాలు గీసుకుంటారు, తరువాత కలం. కలమంటే వెదురు పుల్ల. కొన సన్నగా చెక్కి, కొనకు కాస్త పైన ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ గుడ్డ రంగు పీల్చుకుంటుంది. వేలితో నొక్కిన కొద్దీ రంగు కొనకు దిగుతుంది.

పెద్దామె నా స్నేహితురాలికి ఒక చిన్న గుడ్డముక్క, కలం ఇచ్చింది. గీసేటప్పుడు అది గోధుమరంగు నీళ్లలా ఉంటుంది. కరక్కాయ పట్టిన గుడ్డకు తగిలాక మన కళ్ల ముందే నల్లబడుతుంది. తను ఒక తామర రేకు గీసింది, మళ్లీ ఇంకొకటి గీసింది. "నొక్కు సమానంగా ఉండాల. ఊపిరి బిగబట్టకు, చెయ్యి బిగుసుకుంటుంది" అని పెద్దామె పక్కనే కూర్చుని చూపించింది. ఆ తరువాత నేనూ గీశాను. ఒక్క గీత ఒకే లావున రావడానికి ఎంత నిదానం కావాలో చేతికి తెలిసింది. అదే చెయ్యి రామ పట్టాభిషేకంలో వంద మొహాలు గీస్తుంది, ప్రతి మొహంలో కనురెప్ప కూడా విడిగా.

నలుపు అయ్యాక పటిక నీళ్లు పూసి ఎర్రరంగు వేర్లు, చెక్కలతో కలిపి ఉడికిస్తారు. పటిక పడిన చోటే ఎరుపు నిలుస్తుంది, మిగతాచోట ఉతికితే పోతుంది. తరువాత మళ్లీ పాలు, మళ్లీ ఆరబెట్టడం, కరక్కాయ పువ్వు నుంచి పసుపు, నీలిమందు నుంచి నీలం, పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ. ప్రతి రంగుకూ ఉతకాలి, పారే నీళ్లయితే మంచిది. ఒకప్పుడు స్వర్ణముఖిలో ఉతికి ఇసుకలో ఆరేసేవాళ్లట. ఏరు ఎండిపోయే రోజులు ఎక్కువ కాబట్టి ఇప్పుడు బోరు నీళ్లే గతి. ఈ పని దాదాపు అంతరించే దశలో కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1950ల చివర్లో ఇక్కడ ప్రభుత్వ శిక్షణ కేంద్రం పెట్టారు. ఆ తరం నుంచే ఇన్ని ఇళ్లకు పాకింది. ఈ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గుర్రప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అయినా మార్కెట్లో స్క్రీన్ ప్రింట్ వేసి కలంకారీ అని అమ్మేవే ఎక్కువ. "మేం నెల కూచుని వేసిన చీర పక్కన అది పెడితే, రేటు చూసి అదే కొంటారమ్మా" అంది పెద్దామె. కొనాలనుకుంటే గుడ్డ తిరగేసి చూడండి, వాసన చూడండి, గీతలు చూడండి. చేత్తో గీసిన గీత ఒక చోట లావు, ఒక చోట సన్నం ఉంటుంది. రెండు నెమళ్లు ఎప్పుడూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఇంకా మంచిది, నేరుగా వేసేవాళ్ల ఇంటికే వెళ్లి కొనండి, మరీ బేరాలాడకండి. నా స్నేహితురాలు గోడకు కట్టుకునే కల్పవృక్షం తీసుకుంది. నేను దుపట్టా తీసుకున్నాను.

తలకోనకు కారు మాట్లాడుకోక తప్పలేదు. భాకరాపేట, నెరబైలు మీదుగా దారి, అడవి చెక్‌పోస్టు దగ్గర టికెట్టు. 270 అడుగుల జలపాతం, మన రాష్ట్రంలో ఎత్తైనది. సిద్ధేశ్వరుడి గుడి దగ్గర దిగి చెట్ల మధ్యగా నడిచాం. వానలు బాగా పడ్డాయి కాబట్టి నీళ్లు నిండుగా దూకుతున్నాయి. కింద రాళ్లు పాచి పట్టి జారుతాయి, నీళ్లలో దిగేవాళ్లు జాగ్రత్త. కోతులు చేతిలో కవరు కనబడితే వదలవు. మేం ఎక్కువసేపు చెట్లు చూస్తూ గడిపాం. గిల్లతీగ అనే లావాటి తీగ ఒక చెట్టు మీది నుంచి ఇంకో చెట్టు మీదికి ఎంత దూరం పాకుతుందో చూడాల్సిందే. ఎర్రచందనం చెట్లను డ్రైవర్ తమ్ముడు చూపించాడు. పైకి మామూలు చెట్టే, ఎరుపంతా లోపలి చేవలో ఉంటుంది.

చివర్లో మా ఇంటికి వెళ్లాం. తిరుపతి నుంచి చిత్తూరుకు బస్సు రెండు గంటల లోపే. పూతలపట్టు దగ్గర మామిడి తోటలు మొదలవుతాయి. ఆ నెలలో కాయలుండవు గానీ తోటలు చూసి తను ఎండాకాలం రాలేదని నొచ్చుకుంది. పొద్దున్నే కాణిపాకం వెళ్లి వినాయకుణ్ణి చూశాం. బావిలో వెలసిన స్వామి, ఇప్పటికీ చుట్టూ నీళ్లుంటాయి. ఆయన ముందు ప్రమాణం చేస్తే అబద్ధం ఆడడానికి మా ఊళ్లో ఇప్పటికీ భయపడతారు. ఇంటికొచ్చేసరికి అమ్మ రాగి సంగటి, చెనిక్కాయల ఊరుబిండి, నాటుకోడి పులుసు చేసి పెట్టింది. సంగటి నమలకూడదని, పులుసులో అద్ది మింగాలని అమ్మ తనకు నేర్పింది. "అమ్మా, బందరులో ఇది దొరకదు, ఇంకో ముద్ద పెట్టండి" అని అడిగి మరీ వేయించుకుంది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఈసారికి నాగలాపురం మిగిలిపోయింది. కృష్ణదేవరాయలు తల్లి నాగలాంబ పేరు మీద వెలసిన ఊరది. అక్కడి వేదనారాయణస్వామి గుడి పడమటి ముఖం. మార్చి నెలాఖరులో వరుసగా మూడు రోజులు సాయంత్రం సూర్యకిరణాలు గోపురం దాటి నేరుగా గర్భగుడిలోకి వస్తాయి. మొదటి రోజు స్వామి పాదాల మీద, రెండో రోజు నడిమి భాగం మీద, మూడో రోజు శిరస్సు మీద పడతాయి. మూడు రోజులూ చూడాలంటే దగ్గర్లోనే ఉండాలి. అందుకే పుత్తూరులో రూము మాట్లాడమని ఇప్పటికే మా తమ్ముడికి చెప్పాను. అక్కడి నుంచి సురుటుపల్లి కూడా దగ్గరే, అమ్మవారి ఒడిలో తల పెట్టుకుని పడుకున్న శివుణ్ణి చూడొచ్చు. తను స్కూల్లో సెలవుకు అప్లికేషన్ పెట్టేసింది.